కొండ వంగి చూసిన ఆట

బొమ్మత్త అసలు పేరు చాలామందికి తెలియదు. చిత్రకళాశాలలో జీతాలిచ్చే గుమాస్తాకు తెలుసు, కొడుకుకూ కోడలికీ తెలుసు. మిగతా లోకానికంతటికీ ఆమె బొమ్మత్తే. ఆ పేరు మొదట పెట్టింది మేనల్లుడు. వాడి చిన్నతనంలో ఒకసారి ఆమె వాణ్ణి తనతోపాటు కళాశాలకు తీసుకెళ్ళింది. ఎత్తుబల్ల మీద కుర్చీలో అత్త కదలకుండా కూర్చోవడం, చుట్టూ జనం ఆమెనే చూస్తూ బొగ్గుముక్కలతో గీయడం చూసి, వాడు ఇంటికొచ్చి "అత్త బొమ్మైపోయింది" అని గుక్కపట్టి ఏడ్చాడు. ఆ ఏడుపు చుట్టాలందరి నోళ్ళలో నానీ నానీ పేరుగా స్థిరపడింది.

ఆమె పని కూర్చోవడమే. విద్యార్థులు మనిషిని చూసి గీయడం నేర్చుకోవాలి కదా, ఆ మనిషి ఆమె. పెళ్ళైన కొత్తలో మొదలుపెట్టిన పని, కొడుకు పెళ్ళి అయ్యాక కూడా సాగుతూనే ఉంది. భర్త ఉన్నన్నాళ్ళూ దర్జీపని చేశాడు. మిషన్ తొక్కుతూ తొక్కుతూ ఆమెను చూసి నవ్వేవాడు. "కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు. నువ్వేంటే, కూర్చునే సంపాదిస్తున్నావు" అనేవాడు. ఆమె కూడా నవ్వేది. ఇరుగుపొరుగు "ఏముందమ్మా, కూర్చోవడమేగా" అంటే మాత్రం నవ్వేది కాదు.

ఎందుకంటే కూర్చోవడం అంత తేలికేమీ కాదు. కూర్చున్న కాసేపటికే ముక్కు దురద పెడుతుంది. తర్వాత మెడ వెనక. తర్వాత మోకాలు తనది కాదేమో అనిపిస్తుంది. కొత్తగా వచ్చిన మోడళ్ళకు ఆమె ఒకటే చెప్పేది: "దురద చుట్టం లాంటిది. లేచి మర్యాద చేశావా, మకాం పెడుతుంది. పట్టించుకోకపోతే కాసేపు చూసి అదే పోతుంది." మధ్యలో విరామం ఇచ్చినప్పుడు డ్రాయింగు మాస్టారు వచ్చి, కుర్చీ కాళ్ళ చుట్టూ, ఆమె పాదాల చుట్టూ సుద్దముక్కతో గీతలు గీసేవాడు. తిరిగొచ్చాక వెంట్రుకవాసి తేడా లేకుండా అక్కడే కూర్చోవడానికి.

అలాంటి మనిషి ఒక వానరోజు పొద్దున బస్సు దిగుతూ కాలు జారింది. కుడికాలి చీలమండ విరిగింది. పాదం నుంచి మోకాలి దాకా పిండికట్టు వేసి, ఎముక అతికేదాకా గడప దాటొద్దన్నాడు డాక్టరు.

కదలకుండా ఉండటం ఆమెకు కొత్త కాదు. అందరూ అదే అన్నారు, "నీకేం కష్టం బొమ్మత్తా, అలవాటున్న పనేగా" అని. కానీ ఇంట్లో కిటికీ పక్కన కూర్చుంటే మొదటి వారానికే ఆమెకు పిచ్చెత్తినట్టైంది. ఎందుకో ఆమెకే తెలియలేదు. కొన్నాళ్ళకు తట్టింది. చూసేవాళ్ళు లేకుండా కూర్చోవడం ఆమెకు అలవాటు లేదు. ఎదురుగా పంక్చర్లు వేసే కొట్టువాడు చూసినా చక్రాన్ని చూస్తాడు గానీ ఆమెను చూడడు. కొడుకుది బేకరీలో పని. తెల్లవారకముందే పోయి, మధ్యాహ్నం ఒళ్ళంతా పిండి దుమ్ముతో వచ్చి, తిని పడుకుంటాడు. తల్లి అంటే ప్రాణమే, కానీ ఆవులిస్తూ ఎంతసేపని కబుర్లు చెబుతాడు?

కోడలు ఆఫీసుల్లో ప్రింటర్లూ కంప్యూటర్లూ బాగుచేస్తుంది. మాట పదును, మనసు మెత్తన. పని నుంచి వచ్చాక వీడియో గేములు ఆడటం, ఆడినదాని మీద అభిప్రాయం రాయడం ఆమె సరదా. ఇంటర్నెట్‌లో గేములు అమ్మే చోటే, ఆడినవాళ్ళంతా తమ అభిప్రాయం రాసే పేజీ ఒకటి ఉంటుంది. బాగుంటే బొటనవేలు పైకి, బాగోకపోతే కిందికి. అక్కడ కోడలి పేరు 'ఇంకు మరక'. వేళ్ళకు ఎప్పుడూ సిరా మరకలుండేవి కాబట్టి ఆ పేరు పెట్టుకుంది. మొహమాటం లేకుండా రాస్తుందని, ఇంకు మరక ఏమంటుందో చూసి కొనేవాళ్ళు చాలామందే ఉన్నారు.

ఒక సాయంత్రం కోడలు ఏదో చదువుతూ పొట్ట పట్టుకుని నవ్వుతోంది.

"ఏంటమ్మాయ్?" అంది బొమ్మత్త.

"ఒక గేము అత్తయ్యా. 'ఉప్పు సాక్ష్యం' అని. రెండు టీల ఖరీదు కూడా ఉండదు. నేనూ ఆడి తిట్టిపోశాను. మిగతావాళ్ళు నాకన్నా బాగా తిట్టారు, వినండి." కోడలు చదవడం మొదలుపెట్టింది.

"'డిటెక్టివు నడక చూశాక, కేసు సంగతి తర్వాత, ముందు ఆయన మోకాళ్ళు ఎవరికైనా చూపించాలనిపించింది.' ఇంకోటి. 'ఊరు ఊరంతటికీ రెండే గొంతులు. లాడ్జి ఆవిడ, పోలీసు, తప్పిపోయినవాడి తల్లి, ముగ్గురూ ఒకే మనిషి ముక్కు పట్టుకుని మాట్లాడినట్టున్నారు.' ఇది చూడండి. 'సముద్రానికి అవతల అంత పెద్ద కొండ పెట్టి, మ్యాపులో గీయడం మరిచిపోయారు. ఇంత నిర్లక్ష్యమా?'"

బొమ్మత్త కూడా నవ్వింది. "ఇంతకీ ఏం గేమిది?"

"కొన్ని కథలుంటాయత్తయ్యా, దెయ్యాల కథల్లాంటివే కానీ దెయ్యాలుండవు. దెయ్యానికైనా మన మీద పగో ప్రేమో ఉంటుంది. వీటిలో ఉండేవాటికి మనమున్నట్టే తెలీదు. ఆకాశమంత ఉంటాయి. మనం చీమలపుట్ట పక్కనుంచి పోయినట్టు పోతాయి."

"మన జోలికి రానప్పుడు భయమెందుకు?"

"చీమలం మనమేనని తెలిసినందుకు" అంది కోడలు. తర్వాత తెర మీదికి వంగి, "ఈ చివరి గది దగ్గరే అందరికీ ఒళ్ళు మండింది" అని మళ్ళీ చదివింది. "'కుర్చీలో కూర్చోబెట్టాను. ఏమీ కాలేదు. లేపాను. ఏమీ కాలేదు. గదంతా తిరిగాను. డిటెక్టివు బాగానే ఉన్నాడు, నాకే పిచ్చెక్కింది.' 'చివరి గదిలో గేము చచ్చిపోతుంది. బాగుచేసేదాకా ఎవరూ కొనకండి.' ఇది నాదే."

అన్నిటికన్నా కింద ఒకటి మిగిలింది. కోడలు నవ్వకుండా చదివింది. "'ఎందుకో తెలియదు, ఆ కొండను చూస్తుంటే గదిలో ఇంకెవరో ఉన్నట్టుంది. గేము పూర్తికాలేదు కాబట్టి బొటనవేలు కిందికే. కానీ నిన్నటి నుంచి ఆ కొండే గుర్తొస్తోంది.'"

ఆ మాట బొమ్మత్త చెవిలో ఉండిపోయింది. "నాకు ఆడటం నేర్పిస్తావా?" అంది.

నేర్చుకోవడానికి నాలుగైదు రోజులు పట్టింది. మొదటిరోజు డిటెక్టివు గోడకు ముఖం ఆనించి నడుస్తూనే ఉన్నాడు. నిద్రలేచి వచ్చిన కొడుకు చూసి, "ఏంటమ్మా, ఆయన గోడకి తన గోడు చెప్పుకుంటున్నాడా?" అన్నాడు. రెండోరోజు డిటెక్టివు మెట్లు అనుకుని సముద్రంలోకి దిగిపోయాడు. నెమ్మదిగా చేతికి లొంగాడు. మధ్యాహ్నాలు ఇల్లు సద్దుమణిగాక ఆమె పిండికట్టు కాలిని స్టూలు మీద పెట్టుకుని, గేములోని ఉప్పుమళ్ళ రేవు ఊళ్ళో తిరగడం మొదలుపెట్టింది.

కథ చిన్నది. ఆ రేవులో మనుషులు ఒకరి తర్వాత ఒకరు మాయమవుతున్నారు. రక్తం లేదు, శవం లేదు. లాడ్జి ఆవిడ తమ్ముడు, ఎర్ర మఫ్లరువాడు, ముందు పోయాడు. తర్వాత పడవలకు తారుపూసే మనిషి, బడిపంతులమ్మ, ఇంకా కొందరు. ప్రతివాళ్ళ ఇంట్లోనూ సముద్రం వైపు తిప్పి ఉన్న ఖాళీ కుర్చీ ఒకటి. డిటెక్టివు అడిగిందే అడుగుతూ, మోకాళ్ళు వంగకుండా నడుస్తూ, ఆ పోయినవాళ్ళంతా పాత ఓడరేవు ఆఫీసు పైగదికి వెళ్ళివస్తూ ఉండేవాళ్ళన్న సంగతి కనుక్కుంటాడు. ఆ గది తలుపు తెరుచుకోవడంతో వెతకడానికి ఏమీ మిగలదు. లోపల ఒక కుర్చీ, ఒక కిటికీ, కిటికీలో నీళ్ళు, నీళ్ళకు అవతల బూడిదరంగు కొండ. మొదటి నుంచీ ప్రతి దృశ్యంలోనూ వెనకాల ఉన్న కొండే.

అందరికీ ఒళ్ళు మండిన చోటుకి ఆమె కూడా ఒక మధ్యాహ్నం చేరింది. చేరి, తలుపు దగ్గరే ఆగిపోయింది.

గది నేల మీద తెల్లటి గీతలున్నాయి. వాటి గురించి కూడా ఎవరో రాశారు, 'నేల మీద రంగు వేయడం సగంలో వదిలేశారు' అని. అవి సగంలో వదిలేసిన రంగు కావు. కుర్చీ కాళ్ళు నాలుగింటి చుట్టూ నాలుగు గీతలు, ముందు రెండు పాదాల ఆకారాలు. కుర్చీ కిటికీకి సూటిగా లేదు, వెలుగు ఎడమ చెంప మీద పడేలా కొంచెం ఓరగా ఉంది. డ్రాయింగు మాస్టారు ఎన్నో ఏళ్ళుగా ఆమెకు అలాగే వేస్తున్నాడు. అది బయటికి చూడటానికి వేసిన కుర్చీ కాదు. కూర్చున్నవాళ్ళను చూడటానికి వేసింది.

బొమ్మత్త డిటెక్టివును ఆ కుర్చీలో కూర్చోబెట్టింది. మౌస్ మీద నుంచి చెయ్యి తీసి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది. భుజాలు దించింది. తరగతిలో ఎలా కూర్చుంటుందో అలా కూర్చుంది.

చాలాసేపు ఏమీ జరగలేదు. డిటెక్టివు భుజాలు ఊపిరికి లేస్తున్నాయి, దిగుతున్నాయి. కొంగల అరుపు వినిపిస్తోంది. ఆమెకు తొందరేమీ లేదు. కొంగల అరుపు ఎప్పుడు ఆగిందో ఆమె గమనించలేదు. ఆగాక గమనించింది. అలల చప్పుడు కూడా ఒకదానికీ ఇంకొకదానికీ మధ్య ఎడం పెరుగుతూ పెరుగుతూ వచ్చి, ఇక రాలేదు. కిటికీలో నీళ్ళు వెనక్కి పోతున్నాయి. చడీచప్పుడూ లేకుండా, ఎవరో మంచం మీద దుప్పటి లాగినట్టు. పడవలు ఒక్కొక్కటే పక్కకు ఒరిగి బురదలో ఆనాయి.

అప్పుడు కొండ కదిలింది.

ఒకేచోట చూస్తూ ఉంటే కళ్ళు అలిసిపోయి గోడలు కూడా ఊగినట్టుంటాయి, అది ఆమెకు తెలుసు. ఇది అది కాదు. కొండ అంచు ముందుకు వస్తోంది. వస్తూ కిందికి దిగుతోంది. గీస్తున్న బొమ్మలో చెవి వంపు సరిగ్గా కుదరనప్పుడు డ్రాయింగు మాస్టారు కాగితం ఆనించిన చెక్కచట్టం వెనకనుంచి పక్కకు వంగి చూస్తాడు చూడండి, అలా ఆ కొండ వంగుతోంది. ఆ రేవు పుట్టకముందు నుంచీ అక్కడ నిలబడి ఉన్నది, మ్యాపు గీసినవాళ్ళకు కొండ కాదని తెలిసి గీయకుండా వదిలేసినది, వంగి కిటికీ దాకా వచ్చింది. దానికి ముఖం లేదు. కళ్ళు లేవు. కిటికీ నిండా తడిసిన రాయి లాంటి ఒళ్ళు తప్ప ఏమీ లేదు. కానీ అది చూస్తోంది. ఆ సంగతి బొమ్మత్తకు ఎవరూ చెప్పనక్కర్లేదు. చూపు ఒంటి మీద పడితే ఎలా ఉంటుందో ఆమెకు బతుకంతా తెలిసినదే.

ఆ ఒళ్ళంతా సన్నటి పసుపు దీపాలున్నాయి. చూడగా చూడగా అవి దీపాలు కావు, కిటికీలు. ఒక్కో కిటికీలో ఒక్కో కుర్చీ, కుర్చీలో ఒక్కో మనిషి. ఎర్ర మఫ్లరువాడు ఉన్నాడు. బడిపంతులమ్మ ఉంది. ఎవరి ముఖంలోనూ బాధ లేదు. వాళ్ళ వెనక ఇంకా కిటికీలు, వాటి వెనక ఇంకా, కంటికి ఆనేంతవరకూ కిటికీలే. ఎన్ని యుగాల నుంచి చూస్తోందో, ఎంతమందిని చూసిందో.

బొమ్మత్త చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. రెప్ప వేయకపోవడంతో కళ్ళలోంచి నీళ్ళు కారి గడ్డం దాకా వచ్చాయి. వాటిని తుడుచుకోలేదు. చిన్నప్పుడు నాన్న భుజాల మీద కూర్చుని మొదటిసారి సముద్రాన్ని చూసినప్పుడు నోట మాట రాలేదు. ఆ తర్వాత ఇంతవరకూ ఆమెకు అలా ఎప్పుడూ జరగలేదు.

బయట కాలింగ్ బెల్ మోగింది. ఆమె ఉలిక్కిపడింది. మోచెయ్యి మౌస్‌కు తగిలింది. డిటెక్టివు లేచి నిలబడ్డాడు. నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి, కొండ ఎక్కడుండేదో అక్కడే ఉంది, కొంగలు అరుస్తున్నాయి. గుమ్మంలో కొరియరు అతను పార్సెలు పట్టుకుని, "ఏమైందమ్మా, ఏడుస్తున్నారు, కాలు నొప్పా?" అన్నాడు.

సాయంత్రం కోడలు వచ్చి విన్నది. ఓపిగ్గానే విన్నది. విని, "మీరు వేసుకుంటున్న నొప్పిమాత్రలు నిద్ర తెప్పిస్తాయత్తయ్యా" అంది.

"నిద్రపోయినవాళ్ళకి కళ్ళు మండవమ్మాయ్."

"ఆ గేము నేను ఆడాను కదా. గదంతా గాలించాను."

"గాలించావు. కూర్చోలేదు" అంది బొమ్మత్త. ఆమె గొంతులో దెప్పు లేదు.  ఆదివారం పొద్దున కోడలు తనే కుర్చీ లాక్కొచ్చి అత్తగారి పక్కన వేసుకుంది.

కోడలితో కూర్చోవడం అంటే కప్పల్ని తక్కెడలో తూచడమే. మొదటిసారి కాసేపటికే ఆవులించి, అలవాటుగా మౌస్ కదిపింది. రెండోసారి ఫోను మోగింది. మూడోసారి మెడ వెనక దురద అంటూ చెయ్యెత్తబోయి, మోచేత్తో కీబోర్డును నొక్కేసింది. బొమ్మత్త డిటెక్టివును మళ్ళీ కూర్చోబెట్టి, కీబోర్డూ మౌసూ రెండూ తీసి కింద తన పిండికట్టు పక్కన పెట్టింది. దురద చుట్టం సంగతి చెప్పింది. "నువ్వేమీ చెయ్యకు. నిన్ను ఎవరో గీస్తున్నారనుకో. వాళ్ళు మంచిగా గీయాలని కోరుకో, అంతే" అంది.

నీళ్ళు వెనక్కి పోవడం మొదలైనప్పుడు కోడలు పీల్చిన ఊపిరి లోపలే ఉండిపోయింది. కొండ వంగేటప్పటికి ఆమె చెయ్యి అత్తగారి చేతిని వెతుక్కుంది. ఆదివారం పని తొందరగా ముగించుకుని వచ్చిన కొడుకు, రొట్టెల సంచీతో గుమ్మంలో అడుగుపెట్టి, తెర మీద ఉన్నదాన్ని చూసి అక్కడే నిలబడిపోయాడు. సంచీ కింద పెట్టాలన్న ధ్యాస కూడా లేదు.

అది ఎంతసేపు చూడాలనుకుందో అంతసేపూ చూసింది. తర్వాత ఎంత మెల్లగా వచ్చిందో అంత మెల్లగా వెనక్కి నిటారుగా లేచింది. లేస్తుంటే దాని ఒంటి మీద కొత్తగా ఒక కిటికీ వెలిగింది. అందులో కుర్చీ ఖాళీగా ఉంది.

"అది డిటెక్టివుకి" అంది కోడలు గుసగుసగా. "పోవాలా అత్తయ్యా, వద్దా? రెండూ కుదిరేట్టున్నాయి. ఇలాగే కూర్చుంటే పోతాడు, లేస్తే దిగివస్తాడు."

బొమ్మత్త మౌస్ కోసం కిందికి వంగింది. "లేద్దాం. ఈ కుర్చీ ఇంకెవరికైనా కావాలి" అంది.

డిటెక్టివు లేచాడు. అదే కొయ్యబొమ్మ నడకతో మెట్లు దిగాడు. తెర నల్లబడి పేర్లు పైకి పాకాయి. కథ, బొమ్మలు, సంగీతం, ఆడగొంతు, మగగొంతు, అన్నిటి ఎదురుగా ఒకే పేరు. కోడలు ఆ పేరు వంకే చూస్తూ ఉండిపోయింది. ఒక మనిషి, ఒక్కరే, ఆ రేవునూ ఆ మనుషుల్నీ వాళ్ళ గొంతుల్నీ చేసి, వాళ్ళ వెనక దాన్ని నిలబెట్టి, ఎవరైనా కూర్చుంటారేమోనని ఊరుకున్నారు.

"రొట్టెలు చల్లారిపోతున్నాయి" అన్నాడు కొడుకు చివరికి. ఎవరూ లేవలేదు.

ఆ మధ్యాహ్నం ఇంకు మరక తన పాత అభిప్రాయం చెరిపేసి కొత్తది రాసింది. 'నడక ఇప్పటికీ ఘోరం. గొంతులు ఇప్పటికీ రెండే. కానీ చివరి గదిలో గేము చచ్చిపోలేదు. నాకే ఓపిక లేకపోయింది. కుర్చీలో కూర్చోబెట్టి చేతులు తీసేయండి. ఏం జరుగుతుందో చెప్పను. మా అత్తయ్య కనిపెట్టింది. బొటనవేలు పైకి.'

మొదట అందరూ వెటకారం చేశారు. 'ఇంకు మరకకు ఎంత ముట్టింది?' అన్నాడొకడు. 'ఆ అత్తయ్య గారిని మా ఇంటికి పంపండి, మా ఆయన టీవీ రిమోటు ఎక్కడ పెట్టాడో కనిపెడతారేమో' అని రాసింది ఇంకొకామె. రెండురోజుల తర్వాత ఒకరు ఒకే ఒక్క మాట రాశారు. 'కొండ.' అంతే. తర్వాత ఇంకొకరు. తర్వాత గుంపులు గుంపులుగా.

పనయ్యాక ఇంటికొచ్చి కోడలు చదివేది, అత్త కళ్ళు మూసుకుని వినేది. వాళ్ళెవరో తెలియదు, ఏ దేశమో తెలియదు. 'లారీలో సరుకు ఎక్కించేలోపు కూర్చున్నాను. ఎక్కించడం అయిపోయింది, హారన్ కొడుతున్నారు, నేను లేవలేదు.' 'ఆసుపత్రి డ్యూటీ దిగి వచ్చి కూర్చున్నాను. రోజంతా నేనే అందర్నీ చూస్తాను. నన్ను చూడటం ఎలా ఉంటుందో మరిచిపోయాను.' 'మా పిల్లి కీబోర్డు మీద నడవడం వల్ల మూడుసార్లు ఆట చెడింది. నాలుగోసారి పిల్లి కూడా కూర్చుంది.' 'మా అన్నకూ నాకూ ఏడాదిగా మాటల్లేవు. ఇద్దరం కూర్చుని చూశాం. ఇప్పటికీ మాటల్లేవు, కానీ రేపు మళ్ళీ వస్తానన్నాడు.' ఒప్పుకోనివాళ్ళూ ఉన్నారు. 'చూశాను. ఒళ్ళు జలదరించింది. కానీ మ్యాపు తెరుచుకునేలోపు ఇల్లు కట్టి గృహప్రవేశం చేయొచ్చు. బొటనవేలు కిందికే.' దానికి బొమ్మత్త ఒళ్ళు కదిలేలా నవ్వింది. "నిజమేగా మరి" అంది.

మ్యాపులో కొండ లేకపోవడం గురించి రాసిన మనిషి కూడా తిరిగి వచ్చాడు. 'నిర్లక్ష్యం అన్నాను. మ్యాపు మళ్ళీ తీసి చూశాను. కొండ ఉండాల్సిన చోట కాగితం ఖాళీగా వదిలి ఉంది. ఆ ఆనవాలు ఇన్నాళ్ళూ నా జేబులోనే ఉంది' అని రాశాడు. 

కొన్నాళ్ళకు గేము చేసిన మనిషి దగ్గరనుంచి ఇంకు మరకకు సందేశం వచ్చింది. పరుపుల దుకాణం పైన ఒక గదిలో ఒంటరిగా చేసిన గేమట. స్నేహితులంతా చివరి గదిలో చిన్న సూచన పెట్టమని పోరారట. 'పెట్టలేకపోయాను. కూర్చోమని చెప్పి కూర్చోబెడితే వాళ్ళు దాన్ని చూస్తారు గానీ, అది వాళ్ళను చూసినట్టు ఉండదు. కానీ ఎవరూ కూర్చోలేదు. తిట్లు చదివీ చదివీ ఆ గదిలో నేను పెట్టింది నిజంగా ఉందో లేదో నాకే అనుమానం వచ్చింది. మీ అత్తగారికి భయం వేసిందా? అది ఒక్కటి తెలుసుకోవాలని ఉంది.'

"ఏం రాయమంటారు?" అంది కోడలు.

"భయం వేసిందని రాయి. లేవబుద్ధి కాలేదని కూడా రాయి." మళ్ళీ, "సుద్దగీతలు బాగా గీశారని చెప్పు. విరామం తర్వాత అక్కడే కూర్చోవడానికి మా మాస్టారు కూడా అలాగే గీస్తాడని రాయి" అంది.

దానికి జవాబు మరునాడే వచ్చింది. గేము చేసిన మనిషి తల్లి కూడా ఎక్కడో బొమ్మలు గీసేవాళ్ళకు కూర్చునేదేమోనని కోడలు ఊహించింది. అదేమీ కాదు. ఒక పుస్తకాల షాపులో అమ్మకానికి పెట్టిన పాత ఫోటోలో, ఎవరో తెలియని మనిషి కుర్చీ చుట్టూ ఆ గీతలు కనిపించాయట. ఎందుకో అర్థం కాలేదట, అర్థం కాకుండానే పెట్టాడట. 'అవి ఎందుకో ఇప్పుడు మీరు చెబితే తెలిసింది' అని రాశాడు.

ఎముక అతికింది. పిండికట్టు కోసేశాక బయటపడిన కాలు పాలిపోయి, సన్నబడి, ఎవరిదో అరువు తెచ్చుకున్నట్టుంది. బొమ్మత్త కాస్త కుంటుతూనే కళాశాలకు వెళ్ళడం మొదలుపెట్టింది. అక్కడ ఒకమ్మాయి ఆ గేము ఆడిందట. విరామంలో దగ్గరకొచ్చి, "ఆ అత్తయ్య మీరేనా అండీ?" అని అడిగింది. డ్రాయింగు మాస్టారు ఏమిటా అని ఆరా తీశాడు. ఆయనకు గేములంటే గిట్టదు. అయినా అంతా విన్నాడు. విని, "వంగి చూశానా? నేనెప్పుడూ అలా వంగి చూడనే" అన్నాడు. తరగతంతా గొల్లున నవ్వింది.

ఇళ్ళల్లో దీపాలు వెలిగే వేళ, ఒక సాయంత్రం, బొమ్మత్త వాచిన కాలిని గోరువెచ్చటి నీళ్ళ టబ్బులో పెట్టుకుని కూర్చుంది. కోడలు ఆనాటివి చదువుతోంది. ఒకటి చదవబోయి ఆగింది.

"ఇది అభిప్రాయం కాదత్తయ్యా. ప్రశ్న. ఎవరో పెద్దాయన. 'నాకు చేతులు వణికే జబ్బు. ఎన్నిసార్లు ప్రయత్నించినా నా వణుకు మౌస్‌ను కదిపేస్తోంది, డిటెక్టివు లేచిపోతున్నాడు. కదలకుండా ఉండటం నావల్ల కాదు. నాలాంటివాడికి అది కనిపించదేమో. తెలిసినవాళ్ళు చెప్పగలరా?' అని."

బొమ్మత్త వెంటనే అంది, "చేతులు వణికితే వణకనీ. కంప్యూటరుకు తెలిసేది మౌస్ కదలడమే కదా, ఆయన చేతులు కాదు కదా? డిటెక్టివును కూర్చోబెట్టాక మౌస్ తీసి దూరంగా పెట్టమను. పక్కగదిలో పెట్టమను. తిరిగొచ్చి ఎలా కుదిరితే అలా కూర్చోమను. మా తరగతిలో తల వణికే తాతగారు ఒకాయన చాలా ఏళ్ళు కూర్చున్నాడు. ఆయన బొమ్మలే అన్నిటికన్నా బాగా వచ్చేవని రాయి."

కోడలు ఉన్నదున్నట్టు రాసింది. రోజులు గడిచాయి. ఆయన దగ్గరనుంచి ఏమీ రాలేదు. కోడలు మరిచిపోయింది. బొమ్మత్త మాత్రం రోజూ చదవడం అయిపోయాక, "ఆ చేతులాయన?" అని అడిగేది. "లేదత్తయ్యా" అనేది కోడలు.

తర్వాత ఒకరోజు, బొమ్మత్త మళ్ళీ టబ్బులో కాలు పెట్టుకుని వింటుండగా, వచ్చింది.

'మౌస్ తీసి వంటింట్లో పెట్టి వచ్చాను. తాడున్న మౌస్ కాబట్టి ముందు దాన్ని ఊడదీయడానికే చాలాసేపు పట్టింది. కూర్చున్నాను. నా చేతులు ఒళ్ళో వణుకుతూనే ఉన్నాయి. డిటెక్టివు లేవలేదు. నీళ్ళు పోయాయి. అది వచ్చింది. నా చేతులు చూసి ఆగిపోతుందేమో అనుకున్నాను, అది తెరలోదని తెలిసినా అలాగే అనుకున్నాను. ఆగలేదు. ఇంకా దగ్గరకు వంగింది. బయటికి వెళితే నా చేతులు కనబడగానే జనం చూపు తిప్పుకుంటారు, మర్యాద కోసం. ఇది తిప్పుకోలేదు. అంత పెద్దది, అంత పాతది, దానికి తొందర లేదు. దాని ముందు నేను ఎంత చిన్నవాణ్ణో తెలిసింది. నా వణుకు నాకన్నా ఇంకా చిన్నదని కూడా తెలిసింది. నాకు రాయడం కష్టం, ఇంతటితో ఆపుతాను.'

కోడలు చదవడం ముగించింది. కింద టబ్బులో నీళ్ళు చల్లారిపోయాయి. బొమ్మత్త కాలు తీయలేదు.

"బొటనవేలు ఎటు పెట్టాడు?" అంది.

"పైకే అత్తయ్యా. ఆ బటన్ మీద గురి కుదిరేదాకా ఎంతసేపు పట్టిందో ఏమో."